ఆడ్రీ హస్తవాసి

నా చెయ్యి నా మాట వినకపోవడం మొదటిసారి టీ కప్పు దగ్గర జరిగింది.

క్లైవ్ గారి వంటింట్లో ఆయనకి టీ కలిపి ఇస్తున్నాను. నా అలవాటు ప్రకారమైతే కప్పు బల్ల మీద ఠక్కున పెట్టేసి వెళ్లిపోతాను. మా ఇంట్లో గ్లాసులు అలాగే పెడతాం. ఆ చప్పుడు వినబడితేనే మా నాన్న పేపర్లోంచి తలెత్తుతాడు. కానీ ఆ రోజు నా కుడిచెయ్యి కప్పుని బల్లకి కొంచెం పైన ఆపింది. ముందు చిటికెన వేలు బల్లకి ఆనించి, ఆ వేలి మీదుగా కప్పుని మెల్లగా దించింది. చిన్న చప్పుడు కూడా కాలేదు. తర్వాత కప్పు పిడిని ఆయనవైపు తిప్పి వెనక్కి వచ్చేసింది.

వచ్చేసింది అంటున్నాను గానీ, చెయ్యి ఎక్కడికి పోతుంది, నా భుజానికే ఉంది. అయినా ఆ పనిలో నా ప్రమేయం ఏమీ లేదు.

క్లైవ్ గారు కప్పు వంక చూశారు, తర్వాత నా చేతి వంక చూశారు. డెబ్భై దాటిన మనిషి, అంత తేలిగ్గా చలించే రకం కాదు. అయినా కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"ఆడ్రీ ఇలాగే పెట్టేది," అన్నారు.

ఆడ్రీ ఆయన భార్య. పోయి ఏడాది దాటింది. నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు.

నా పేరు హైమావతి. మాది గోదావరి పక్కన కడియపులంక. ఎటు చూసినా నర్సరీలే ఉండే ఊరు. మా నాన్న మామిడి అంట్లు కడతాడు. నేను పలక పట్టకముందే అంటుచాకు పట్టానని మా బంధువులు ఎగతాళి చేస్తారు గానీ, అది నిజమే. ఏడాదిపాటు తిరుగుతూ, తోటల్లో పనిచేసుకుంటూ ఉండటానికి ఆస్ట్రేలియా వాళ్లు కుర్రకారుకి లాటరీ మీద వీసా ఇస్తారు. డిగ్రీ అయ్యాక సరదాకి పేరు వేస్తే తగిలింది. "ఏడాదే గదా, ఎల్లి ఆళ్ల తోటలెలాగుంటాయో చూసి రా. వచ్చేక నర్సరీ నీదే," అన్నాడు నాన్న. అంతకంటే నాకు కావలసిందీ లేదు.

అలా టాస్మానియా చేరాను. భూమికి దక్షిణం కొసన ఉన్న ద్వీపం. మనకి మామిడిపళ్లు అయిపోయే వేళకి అక్కడ చలికాలం మొదలవుతుంది. పేరు హైమ అని చెబితే పలకరించాననుకుని "హాయ్" అనేవాళ్లు. కొన్నాళ్లు పేరు లేకుండానే బతికాను. రెండు రొట్టెముక్కల మధ్య ఏదో ఒకటి ఇరికించి తినడాన్ని భోజనం అంటారని ఒప్పుకోవడానికి నా కడుపు చాలాకాలం మొరాయించింది. రేకుల క్యాబిన్‌లో నాతోపాటు చిలీ దేశం పిల్ల పౌలా ఉండేది. నా ఆవకాయ రొట్టెకి రాసుకుని తిని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకొంచెం అడిగేది. స్ట్రాబెర్రీలు కోశాం, చెర్రీలు కోశాం. చలి మొదలయ్యాక ఇద్దరం హ్యూవాన్ లోయలో ఉన్న క్లైవ్ గారి ఆపిల్ తోటలో కొమ్మల కత్తిరింపు పనికి చేరాం. క్లైవ్ అనే పేరుని ఎనిమిదో తరగతి చరిత్ర పాఠంలో, దేశాన్ని దోచుకున్న తెల్లదొరగా బట్టీపట్టి మరీ తిట్టుకున్నవాళ్లం. ఈయన మాత్రం మర్యాదస్తుడిలా కనిపించారు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదట.

చెట్లు నాకు తెలుసుననుకుని వెళ్లాను. తీరా చూస్తే తెలియదు. నర్సరీ వాళ్లు ప్రతి చిగురునీ కాపాడతారు, అది అమ్ముకోవాలి కాబట్టి. ఆపిల్ చెట్టుకి చలికాలంలో సగానికి సగం కొమ్మలు నరికేయాలి. కత్తెర పట్టుకోగానే నా ప్రాణం ఉసూరుమనేది. ఒక కొమ్మ కొయ్యడానికి చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేసేదాన్ని. క్లైవ్ గారి తాత నాటిన చెట్లట అవి. వాటిని ఎలా కొయ్యాలో లోయ మొత్తంలో ఆడ్రీకే తెలుసునట.

ఒక ఆదివారం క్లైవ్ గారి కూతురు రొవీనా వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. హోబార్ట్ నగరంలో ఒక పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. తోటగట్టు మీద నిలబడి నా ప్రదక్షిణలు కాసేపు చూసి, సంచిలోంచి బూడిదరంగు చేతితొడుగులు తీసి ఇచ్చింది. అరిసె కింద వేసే అరిటాకు కన్నా పలచగా ఉన్నాయి.

"తొడుక్కుని ఆ కొమ్మ ముందు నిలబడు," అంది.

నిలబడ్డాను. బొటనవేలి కింద నరం చిన్నగా జివ్వుమంది. మణికట్టు ఎటు తిరగాలో నాకు తెలిసిపోయింది. కత్తెర కొమ్మ మొదట్లోకి వెళ్లి, మొగ్గకి పైన ఏటవాలుగా పడింది. కొమ్మ తెగి కాళ్ల దగ్గర పడేసరికి చెయ్యి తర్వాతి కొమ్మ మీదికి వెళ్లిపోయింది.

"ఇది నీ చేతిని లాగదు," అంది రొవీనా. "నువ్వు చేయాల్సిన పనిని ఒక్క క్షణం ముందు గుర్తుచేస్తుంది. కొన్నాళ్లకి గుర్తుచెయ్యాల్సిన అవసరం ఉండదు. పని నీ చేతికే వచ్చేస్తుంది."

"ఎవరి పని?"

"మా అమ్మది. చివరి రెండు చలికాలాలూ ఇలాంటివే తొడుక్కుని పనిచేసింది. చేతులు కొంకర్లు పోతున్నాయని ఇంట్లో కూడా తీసేది కాదు. అందుకని ఇందులో అమ్మ చేతులు చేసినవన్నీ ఉన్నాయి. చెట్టు ముందుంటే చెట్టు పని గుర్తుచేస్తాయి, పొయ్యి ముందుంటే పొయ్యి పని. నీకు కావలసింది చెట్టు పనే. చెట్టు దగ్గర తప్ప ఎక్కడా తొడుక్కోకు."

పనిముట్టు కదా, కళ్లకద్దుకున్నాను. రొవీనా నవ్వింది.

అక్కడే నేను మావాళ్లు మాత్రమే చేయగల పొరపాటు ఒకటి చేశాను. అంటు కట్టిన పట్టీని మధ్యలో విప్పకూడదు. అతికిందో లేదో చూద్దామని ఆత్రపడి విప్పితే అంటు చచ్చిపోతుంది. చిన్నప్పుడు ఒకసారి అలా విప్పినందుకు నాన్న ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. పని నా చేతికి అతకాలంటే గంటగంటకీ తొడుగులు విప్పడం ఏమిటి, ఈ చదువుకున్నవాళ్లకి ఇదెలా తెలియలేదు అనుకున్నాను. స్నానానికి తప్ప తియ్యలేదు. వాటితోనే తిన్నాను, వాటితోనే పడుకున్నాను. పైగా వెచ్చగా ఉండేవి. పెళ్లికూతురు గోరింటాకు కాపాడుకున్నట్టు వాటిని కాపాడుకుంటుంటే పౌలా వెక్కిరించింది.

అంటు బ్రహ్మాండంగా అతికింది. చూస్తుండగానే నా వరస మిగతా వాళ్ల వరసలని దాటిపోయింది. పక్క తోటల వాళ్లు వచ్చి చూసి తలలు ఆడించారు. వచ్చే చలికాలానికి లోయలో ఉన్న తోటలన్నిటికీ ఆడ్రీ తొడుగులు ఇవ్వాలని రొవీనా వాళ్ల కేంద్రం నిర్ణయించింది. నేను ఫోను కొమ్మకి తగిలించి, పని చేస్తూ నాన్నకి చూపించాను.

"ఇదేటే, అంత కోసేత్తన్నావు? ఆగాగు..." నాన్న ఫోన్లోకి ముక్కు దూర్చినంత పని చేశాడు. "ఓర్నాయనో! చెట్టు మజ్జలోకి ఎల్తురెంత బాగా దింపేవే! ఎవరు నేర్పేరు?"

"ఇక్కడో పెద్దావిడ."

"ఆవిడ హస్తవాసి మంచిదమ్మా. నీక్కూడా అబ్బేసింది. కాళ్లకి దండం పెట్టుకో."

"ఆవిడ లేదు నాన్నా. పోయింది."

"అయితే మనసులో పెట్టుకో."

మావైపు మొక్క బతకడం నాటిన చేతిని బట్టి ఉంటుందంటారు. అందుకే ఏటా మొదటి మొక్క ఫలానావాళ్లే నాటాలని పిలుచుకొస్తారు. నాన్న మాట విని నేను నిజంగానే ఆ చెట్ల మధ్య చేతులు జోడించి ఆడ్రీకి దండం పెట్టుకున్నాను.

పని అయ్యాక క్లైవ్ గారు టీకి పిలిచేవారు. ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉండేది, కుర్చీల మీద మెత్తలు ఉండేవి. రేకుల క్యాబిన్‌లో వణికేదానికి అంతకంటే ఏం కావాలి? రోజూ వెళ్లేదాన్ని. టీ కప్పు సంగతి జరిగాక, నా చేతులు ఆ ఇంట్లో ఏమేం చేస్తాయో చూడటం నాకొక ఆటలా అయింది. బల్ల మీద రొట్టెపొడిని ఒక్కటి వదలకుండా అరచేతిలోకి ఊడ్చుకునేవి. చొక్కా చేతులు మణికట్టు దాకా లాగి సర్దుకునేవి. కత్తులు కడిగాక సొరుగులో పెట్టకుండా, పక్కగదిలో బీరువా తీసి దుప్పట్ల మడతల కింద అడుగున దూర్చేవి. వెనక తలుపు తీసేటప్పుడు భుజంతో తలుపుని కాస్త పైకెత్తి, గడియ నాలుకని బొటనవేలితో నొక్కిపట్టేవి. అంత పాత తలుపు కిర్రుమనకుండా తెరుచుకునేది. మొగుడి నిద్ర చెడకూడదని కాబోలు, ఎంత పొందికైన మనిషి అనుకున్నాను. నాకు ఇక్కడ ఇంకో అమ్మ దొరికిందని పౌలాతో అన్నాను కూడా.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. పని ఆపేసి వంటింట్లో ఉన్నాం. నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. నా తల మీదుగా ఉన్న అరలోంచి పంచదార డబ్బా తీసుకోవడానికి క్లైవ్ గారు వెనక నుంచి వచ్చి చెయ్యి ఎత్తారు.

నా రెండు చేతులూ ఎగిరాయి. ఎడమ అరచెయ్యి వెళ్లి ఎడమ చెవిని గట్టిగా కప్పేసింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచి ముఖానికి అడ్డం వచ్చింది. చేతుల వెనకాలే తల ముడుచుకుంది, వీపు గోడకి ఆనుకుంది. ఏమవుతోందో నాకు తెలియదు. నా గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. చేతులు మాత్రం వణుకుతున్నాయి.

మోచేతి సందులోంచి ఆయన ముఖం చూశాను. ఎవరైనా అయితే కంగారు పడతారు, ఏమైందమ్మా అంటారు, కనీసం నవ్వుతారు. ఆయన కంగారు పడలేదు. ఆశ్చర్యపోలేదు. ఆ ముఖంలో కాస్త విసుగు కనిపించింది.

"అలా చెయ్యకు," అన్నారు. గొంతు పెంచలేదు. "చేతులు దించు."

నా చేతులు దిగిపోయాయి. దించింది నేను కాదు.

ఆయన డబ్బా తీసుకుని, పంచదార వేసుకుని కలుపుకుని, "వాన తగ్గేలా లేదు," అన్నారు. అప్పటికి గాని నాకు భయం వెయ్యలేదు. నేను వెనక తలుపు దగ్గరికి నడిచాను. భుజం తలుపుని పైకెత్తింది, బొటనవేలు గడియ నాలుకని నొక్కింది. చప్పుడు లేకుండా బయటపడ్డాను. ఆడ్రీ ఆ తలుపుని అలా ఎందుకు తీసేదో అప్పుడు అర్థమైంది.

ఇక్కడి నుంచి ఆయన్ని 'గారు' అనబుద్ధి కావడం లేదు.

తొడుగులు పీకేసి సంచి అడుగున పడేశాను. ఏం లాభం, అంటు ఎప్పుడో అతికిపోయింది. ఉత్త చేతులతో కూడా కప్పు చప్పుడు చెయ్యకుండానే పెడుతున్నాను. భయమేసి, నా చెయ్యి ఇంకా నాదేనా అని చూసుకుందామని, నాన్న ఇచ్చిన అంటుచాకు తీశాను. రెండు ఆపిల్ పుల్లలు తీసుకుని కూర్చున్నాను. ఒక పుల్ల కొసని ఉలిలా చెక్కి, రెండోదాన్ని చీల్చి అందులో దింపాలి. నిద్రలో లేపి చెయ్యమన్నా చేసేదాన్ని. చాకు పట్టుకోగానే చెయ్యి దాన్ని కత్తెరలా తిప్పింది. పుల్ల తెగి పడింది. ఇంకోటి తీసుకున్నాను, అదీ తెగింది. మూడోసారి బొటనవేలు తెగింది. పౌలా గుడ్డ కడుతుంటే వెక్కివెక్కి ఏడ్చాను. నాకు నర్సరీ ఇస్తానన్న మనిషి దగ్గరికి చేతులు పోగొట్టుకుని ఎలా వెళ్లను? ఈ చేతులు నావి కాకుండా పోతే నేను ఏ పని చేసుకుని బతకాలి?

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి హోబార్ట్ వెళ్లాను.

రొవీనా గది నిండా తీగలు, తెరలు. నా చేతులకి ఏవో పట్టీలు అంటించి, తెర మీద గీతలు చూసి తిట్టింది.

"చెట్టు దగ్గర తప్ప వద్దన్నానా లేదా? పడుకునేటప్పుడు కూడానా? ఎందుకు?"

అంటుకట్టు సంగతి చెప్పాను. ఆమెకి తిట్టాలో నవ్వాలో తెలియలేదు.

"రొవీనా, మీ అమ్మగారు ఆ ఇంట్లో భయపడేవారా?"

ఆమె తెర మీంచి తల తిప్పలేదు. "ఎందుకలా అడుగుతున్నావు?"

వంటింట్లో జరిగింది చెప్పాను. వింటున్నంతసేపూ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "చివర్లో అమ్మకి వణుకు ఉండేది. యంత్రం దాన్ని ఏదో కదలికగా రాసుకుని ఉంటుంది. అలాంటివి వస్తుంటాయి. సరిచేస్తాలే," అంటూ నా కణతకి పట్టీ అంటించడానికి చెయ్యి చాచింది.

నా చేతులు ఎగిరాయి. ఎడమ అరచెయ్యి చెవి మీద, కుడి మోచెయ్యి ముఖానికి అడ్డం.

రొవీనా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చాలాసేపు నన్ను చూసింది. నన్ను కాదు, చెవిని కప్పిన ఆ ఎడమచేతిని. తర్వాత కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చుంది.

"అమ్మకి ఎడమ చెవి వినపడేది కాదు," అంది. "చలికి పోయిందని చెప్పింది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే పోయింది. ఎప్పుడూ కుడివైపు కూర్చుని మాట్లాడేదాన్ని."

నా ఎడమచెయ్యి ఇంకా చెవి మీదే ఉంది.

"అదే ఇంట్లో పెరిగాను, హైమా. ఆ బల్ల దగ్గరే హోమ్‌వర్క్ చేసుకునేదాన్ని. నేనెప్పుడూ ఏమీ వినలేదు." అంతలో ఆమె ముఖం మారిపోయింది. "చప్పుడు కాకుండా చూసుకుంది. నేను వినకూడదని."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, కారు తాళాలు తీసుకుంది. నువ్వు రానక్కర్లేదు, ఇక్కడే ఉండు అంది. ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలని నాకూ లేదు. కానీ సాక్ష్యం చెప్పాల్సిన చేతులు నా భుజాలకే వేలాడుతున్నాయి. వెళ్లాను.

క్లైవ్ బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్నాడు.

"అమ్మ ఎడమ చెవి ఎలా పోయింది నాన్నా?" గుమ్మంలోంచే అడిగింది రొవీనా.

"చలికి. నీకు తెలుసుగా."

"హైమ చేతులు చూశాను."

అతను పేపరు మడిచాడు. అంచుకి అంచు సరిగ్గా కలిపి, నెమ్మదిగా మడిచాడు. తలెత్తేసరికి కళ్లలో నీళ్లున్నాయి. "వాటిని చెరిపెయ్యకు రొవీనా. ఆమెది నాకు ఇంకేమీ మిగల్లేదు."

అది దొంగ ఏడుపు కాదు. అందుకే నాకు మరీ భయమేసింది.

"కొట్టావా లేదా?"

"ఎప్పటివో సంగతులు. అన్నేళ్ల కాపురంలో ఎన్నిసార్లని? అవి పోనూ మేం సుఖంగానే ఉన్నాం. ఆమె ఎవరితోనైనా ఒక్క మాట అందా? నీతో అందా?"

"అనలేదు. నేనూ అడగలేదు."

తర్వాత క్లైవ్ నావైపు తిరిగాడు. "హైమా, ఒక్కసారి టీ పెట్టి వెళ్లమ్మా," అన్నాడు మెల్లగా.

వద్దనుకున్నాను, గట్టిగా వద్దనుకున్నాను. నా చేతులు కెటిల్ వైపు కదిలాయి. నా కళ్ల ముందే కదిలి, మూత తీసి, కుళాయి తిప్పాయి. వాటిని ఆపడం నా వల్ల కాలేదు.

రొవీనా ఒక్క అంగలో వచ్చి కెటిల్ లాగేసి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. తడిచేతులు. గుండెకి గట్టిగా అదుముకుంది.

"అమ్మా, ఇంక చాలు," అంది వాటితో. "పద, వెళ్లిపోదాం."

నన్ను ముందు తలుపులోంచి బయటికి తీసుకొచ్చి, ఆ తలుపుని లోయంతా వినపడేలా ధడాలున వేసింది.

లోయకి ఆ తొడుగులు ఇవ్వడం ఆగిపోయింది. ఎందుకని కేంద్రం వాళ్లు గొడవ చేస్తే, ఆ చేతులు నావి కావు, అమ్మని అడక్కుండా తీసుకున్నాను అని మాత్రం చెప్పిందట రొవీనా. నన్ను తన ఇంట్లోనే పెట్టుకుంది. కొత్త తొడుగులు తయారుచేసింది. ఆడ్రీ కదలిక మొదలవగానే ఇవి ఎదురు జివ్వుమంటాయి. అప్పుడు నా చెయ్యి ఆగి, నా తీరులో చెయ్యాలి. మళ్లీ మళ్లీ, మళ్లీ మళ్లీ. ముందు కత్తిరింపు పోయింది. తర్వాత కత్తులు దాచడం పోయింది. కప్పు ఠక్కున పెట్టిన రోజు ఇద్దరం నవ్వాం. టీ బల్లంతా ఒలికింది, రొవీనా నవ్వుతూనే వెళ్లి స్నానాలగదిలో తలుపేసుకుంది. చాలాసేపటికి గాని రాలేదు. నన్ను ఒక్కో అలవాటూ వదులుతుంటే ఆమెకి తల్లి రెండోసారి దూరమవుతోంది. తన చేత్తోనే తల్లిని చెరుపుతోంది. ఆ పని నా కోసం చేస్తోందని తెలిసి నాకు అన్నం సహించేది కాదు.

"నేను ఊరికి బయల్దేరేటప్పుడు అమ్మ నా స్కార్ఫ్ సర్దేది," అంది ఒకరోజు. "దాన్ని చివరికి ఉంచుదామా?"

ఆమె మెడలో స్కార్ఫ్ వేసుకుని నా ముందు నిలబడింది. నా చేతులు వెళ్లి, కొసలు లోపలికి మడిచి, కాలర్ సర్ది, భుజం మీద తట్టాయి. రొవీనా కళ్లు మూసుకుంది. ఇంకోసారి అంది. ఇంకోసారి చేశాను. మర్నాడు అదీ చెరిపేసింది.

నా అంటుకట్టు తిరిగొచ్చింది. మొదట వంకరటింకరగా, తర్వాత తిన్నగా. రొవీనా పెరట్లో ఉన్న ముసలి ఆపిల్‌కి నేను కట్టిన అంటు చిగురేసింది కూడా. అన్నీ పోయాయి. ఎవరైనా దగ్గరగా చెయ్యి ఎత్తితే నా చేతులు ముఖానికి అడ్డం రావడం మాత్రం పోలేదు. తొడుగులు ఎంత జివ్వుమన్నా ఆగలేదు.

"ఇది ఇంక అమ్మది కాదు," అంది రొవీనా తెర వంక చూస్తూ. "అమ్మది ఎప్పుడో పోయింది, ఇదిగో చూడు, ఏమీ లేదు. ఆ రోజు చేతులు దించు అన్నప్పుడు నువ్వు భయపడ్డావు. పని నేర్చుకోవడానికి నెలలు పడుతుంది హైమా. భయానికి అంత అక్కర్లేదు. మిగిలింది నీ సొంతం. నీదాన్ని నేను చెరపలేను." తర్వాత చాలాసార్లు క్షమించమంది. తొడుగులు విప్పనిది నేనే గదా అన్నాను. అంతకుమించి ఒకరినొకరం ఏమనుకోగలం?

వీసా అయిపోయాక ఇంటికొచ్చేశాను. అమ్మకీ నాన్నకీ ఏమీ చెప్పలేదు. ఏమని చెబుతాను, ఎక్కడి నుంచి మొదలుపెడతాను?

నర్సరీలో అంట్ల కాలం నడుస్తోంది. వచ్చిన మర్నాడే నాన్న నన్ను నీడపందిరి కిందికి తీసుకెళ్లి, మామిడి నారుమొక్క ఒకటి ముందు పెట్టి, "ఏదీ, చూద్దాం. ఆ దేశంలో తిండి తిని మర్చిపోయేవేమో," అన్నాడు. పనివాళ్లు కూడా నవ్వుతూ చుట్టూ మూగారు. చాకు తీసుకున్నాను. పుల్ల చెక్కాను, నారుమొక్క కాండం చీల్చాను, దింపాను, పట్టీ చుట్టాను. చేతులు నావే. సందు లేకుండా కూర్చుంది. ఆ క్షణం నాకు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను.

నాన్న అంటుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం చాటంత అయింది. "శభాషే నా తల్లీ!" అంటూ నా నెత్తి మీద చెయ్యి వేయడానికి ఎత్తాడు.

పనివాళ్ల నవ్వులు ఆగిపోయాయి. నా చాకు మట్టిలో పడింది. నేను అంట్ల బల్లకి ఆనుకుని ముడుచుకుపోయి ఉన్నాను. ఎడమ అరచెయ్యి చెవి మీద, కుడి మోచెయ్యి ముఖానికి అడ్డం. నేను పుట్టిందగ్గర్నుంచీ మా నాన్న నా మీద చెయ్యి చేసుకున్నవాడు కాదు. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా..." అన్నాడు. "ఎవడు కొట్టేడమ్మా నిన్ను?"

ఎవరూ కొట్టలేదు అని చెప్పాలి. అది నిజం కూడా. కానీ ఆ చెవి, ఆ తలుపు, దుప్పట్ల కింద కత్తులు గుర్తొచ్చాయి. ఎవరూ కొట్టలేదని నా నోటితో అనలేకపోయాను.

"నన్ను కాదు నాన్నా," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. సాయంత్రం కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. తొడుగులు, ఆడ్రీ, రొవీనా, అన్నీ. మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యకుండా విన్నాడు. నమ్మాడు కూడా. "ఆ తల్లి ఎంత బాధపడిందో," అని కళ్లు తుడుచుకున్నాడు.

నెమ్మదిగా పోతుందిలే నాన్నా, నువ్వు మామూలుగానే ఉండు అని చెప్పాను. సరేనన్నాడు. ఆ రోజు నుంచి మా నాన్న నా దగ్గరికి వచ్చేటప్పుడల్లా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని వస్తున్నాడు.